మ్యూజియంలో పాత నాణేల గ్యాలరీ పెట్టాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ కాలేజీ మ్యూజియానికి పూర్వ విద్యార్థులు ఇచ్చిన శాతవాహన నాణేలు 300 దాకా ఉన్నాయని, వాటిని ఎలా ప్రదర్శించాలని అడిగారు. ఒక చిన్న మ్యూజియంలో ఆరేళ్లు నాణేల విభాగం చూసుకున్నాను కాబట్టి చెప్తున్నాను: షోకేసుల కొటేషన్లు ఇప్పుడే తెప్పించకండి.

ముందు ఇచ్చినవాళ్ల ఇళ్లకు వెళ్లండి. ఏ ఊరు, ఏ చేను, ఒక్కటే దొరికిందా, కుండతో బయటపడిందా, అన్నీ అడిగి రాసుకోండి. వాళ్లు పెద్దవాళ్లైతే ఇంకా త్వరగా వెళ్లండి. గోబద, సమగోప అనే రాజులు ఉండేవారని మనకు తెలిసిందే తెలంగాణలోని కోటిలింగాల అనే ఊళ్లో దొరికిన నాణేల వల్ల. శాతవాహన వంశానికి మూలపురుషుడైన సిముకుడివిగా చదివిన నాణేలూ అక్కడే దొరికాయి. ఊరి పేరు తెలియకుండా అవి ఏ అంగట్లోనో తేలి ఉంటే గోదావరి ఒడ్డున ఆ కథ మనకు దక్కేది కాదు. ఒక కుండలో దొరికిన వాటిని విడదీయకండి. నాసిక్ దగ్గర జోగల్‌తంబిలో 1906లో 13 వేలకు పైగా వెండి నాణేలు ఒక్కచోట దొరికాయి. అవి పశ్చిమ క్షత్రప రాజు నహపాణుడివి. వాటిలో 9 వేలకు పైగా నాణేల మీద గౌతమీపుత్ర శాతకర్ణి తన గుర్తులు మళ్లీ కొట్టించాడు. గెలిచిన రాజు ఓడినవాడి డబ్బును ఏం చేశాడో ఆ కుప్ప మొత్తం కలిసి ఉండబట్టే లెక్క తేలింది.

చట్టం సంగతీ చూసుకోవాలి. భూమిలో దొరికిన నిక్షేపం విలువ 10 రూపాయలు దాటితే కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి చట్టం చెప్తుంది. రిజిస్టరులో ఎక్కించే ముందు పురావస్తు శాఖకు ఒక ఉత్తరం రాయండి.

తర్వాత ఒక్కో నాణేన్ని తూచండి, అడ్డకొలత తీయండి, రెండు వైపులా ఫొటో తీయండి. నంబరు కవరు మీదే రాయాలి, నాణెం మీద కాదు.

ఇక నేను కళ్లారా చూసిన నష్టం. మా దగ్గర సీసం నాణేలు ప్లైవుడ్ సొరుగుల్లో ఉండేవి. ఒక వర్షాకాలం అయ్యాక తెరిచి చూస్తే కొన్నిటి మీద తెల్లటి పొడి. చెక్క నుంచి, దాని జిగురు నుంచి వచ్చే ఆమ్లపు ఆవిరి సీసాన్ని తినేస్తుంది. ఒకదాని మీద ఏనుగు తొండం రాలిపోయింది. రెండు వేల ఏళ్లు మట్టిలో నిలిచింది మా సొరుగులో పోయిందన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది. ఇనుప బీరువా, ఆమ్లం లేని కాగితపు కవర్లు వాడండి. మెత్తటి పీవీసీ కవర్లు వద్దు. రాగి నాణేల మీద లేత ఆకుపచ్చ పొడి కనిపిస్తే అది తేమ వల్ల ముదురుతుంది, వెంటనే వేరు చేయండి. ఇంట్లో ఇత్తడి బిందె తోమినట్టు చింతపండుతో మాత్రం ఎవరినీ తోమనివ్వకండి. ఆ పైపొరతో పాటు అక్షరాలూ పోతాయి.

ప్రదర్శనకు 300లో 25 చాలు. రూపాయి బిళ్లకన్నా చిన్నవి వరసగా పేరిస్తే ఎవరూ ఆగి చూడరు. ప్రతి నాణెం పక్కనా పళ్లెమంత ఫొటో పెట్టండి, వెనక వైపుది కూడా. లైటు పైనుంచి కాదు, పక్కనుంచి వాలుగా పడాలి. అప్పుడే ఆ కాలపు లిపి అయిన బ్రాహ్మీ అక్షరాలు లేచి కనబడతాయి. శాతవాహన రాజు యజ్ఞశ్రీ వేయించిన ఓడ గుర్తు నాణెం మీ దగ్గర ఉంటే దానికి విడిగా ఒక పెట్టె ఇవ్వండి, రెండు తెరచాప స్తంభాలు కనబడేలా.

మేం గోడ మీద బ్రాహ్మీ అక్షరమాల ఒకటి అంటించాం. బడిపిల్లలు దాన్నీ నాణేన్నీ మార్చి మార్చి చూసుకుంటూ ‘రఞో’ (రాజు యొక్క), ‘సిరి’ (శ్రీ) అని కూడబలుక్కుని చదివేవాళ్లు. మా గ్యాలరీలో ఎక్కువసేపు జనం నిలబడింది ఆ గోడ దగ్గరే.

మీ నాణేలు ఇప్పుడు చెక్క పెట్టెలో ఉంటే మాత్రం, మిగతా పనులన్నీ ఆపి సీసం వాటిని ఈరోజే బయటికి తీయండి.