ఐరోపా దేశమైన లాత్వియాలో వినిపించే ‘యానిస్’ అనే మగవాళ్ల పేరుకు అర్థం ఏమిటి?

యానిస్ అంటే మన తెలుగు బైబిల్లోని ‘యోహాను’ పేరే; మూలమైన హీబ్రూ పేరు యోహానాన్‌కు ‘దేవుడు దయ చూపాడు’ అని అర్థం. ఇంగ్లిష్‌లో జాన్, జర్మన్‌లో యోహాన్, రష్యన్‌లో ఇవాన్ కూడా దీని రూపాలే.

చివరి ‘స్’ పేరు అసలు భాగం కాదు, లాత్వియన్ వ్యాకరణం తగిలించిన తోక. మనం రామ అనే పేరుకు ‘డు’ చేర్చి రాముడు అంటాం, పిలిచేటప్పుడు ‘రామా’ అంటాం కదా, అక్కడా అంతే: ఎదురుగా ఉన్నవాణ్ణి ‘యానీ’ అని పిలుస్తారు. బయటి మగవాళ్ల పేర్లకూ సాధారణంగా ఈ తోక తగులుతుంది, అమెరికా అధ్యక్షుడు జాన్ కెన్నెడీ లాత్వియన్‌లో ‘జాన్స్ కెనెడీస్’ అయిపోతాడు!

1922లో ఎన్నికైన లాత్వియా తొలి అధ్యక్షుడి పేరు యానిస్ చాక్‌స్తే. ఈ పేరుకు ఒక పండగే ఉంది. బాప్తిస్మమిచ్చు యోహాను జన్మదినమైన జూన్ 24ను అక్కడ ‘యాణి’ అంటారు. ముందు రాత్రంతా మంట వేసి పాటలు పాడతారు, సోపుగింజల్లాంటి కారవే గింజలు కలిపిన జున్ను తింటారు, బీరు తాగుతారు. మగవాళ్ల తలకు ఓక్ ఆకుల దండ ఉంటుంది.

రెండు ముఖాల రోమన్ దేవుడు జానస్ నుంచి ఈ పేరు వచ్చిందని అనిపించవచ్చు. శబ్దం దగ్గరగా ఉండటమే తప్ప పేరు వచ్చిన దారి అది కాదు. ఇంగ్లిష్‌లో ‘జానిస్’ ఆడవాళ్ల పేరు కాబట్టి యానిస్‌ను ఆడవాళ్ల పేరనుకునే పొరపాటు కూడా జరగవచ్చు.