కుండీలూ చీటీలూ

చిరంజీవి అమ్మాయికి మామయ్య ఆశీస్సులు.

ఇరవై మిరప కుండీల్లో పదింటికి జీవామృతం, పదింటికి వట్టి నీళ్లు పోస్తే, మొదటి పదీ సగటున 3 సెంటీమీటర్లు ఎక్కువ ఎదిగాయనీ, ఇది కాకతాళీయం కావచ్చా అనీ అడిగావు. సూత్రాల జోలికి పోకముందు ఇరవై ఎత్తులనూ ఇరవై చీటీల మీద రాసి, బాగా కలిపి, చూడకుండా పదింటిని పక్కకు తీసి, రెండు గుంపుల సగటుల తేడా రాసుకో. జీవామృతం వల్ల ఏమీ జరగలేదనుకుంటే ఏ ఎత్తయినా ఏ గుంపులోనైనా పడి ఉండేదే కాబట్టి, అప్పుడు ఏ పాటి తేడాలు వస్తాయో ఈ చీటీలే చూపిస్తాయి. ముప్పై సార్లయినా చేత్తో చెయ్యి. కంప్యూటర్ ఎక్కడికీ పోదు.

ఇరవైలో పదింటిని 1,84,756 విధాలుగా తీయవచ్చు గనుక కంప్యూటర్ చేత 10,000 సార్లు కలిపిస్తే సరిపోతుంది. ఎటువైపైనా 3 సెంటీమీటర్లకు తగ్గని తేడా 240 సార్లు వచ్చిందనుకో. నీ అసలు ఫలితాన్నీ ఒక దఫాగా చేర్చి 241ని 10,001తో భాగిస్తే నూటికి సుమారు 2.4 వస్తుంది. ఇది జీవామృతం పనిచేయకపోయి ఉండే అవకాశం కాదు, పనిచేయకపోయినా ఇంతకు తగ్గని తేడా కనబడే అవకాశం. మూడేసి కుండీలతో చేసి ఉంటే మొత్తం విధాలు 20 మాత్రమే. ఎటువైపు తేడానైనా లెక్కిస్తాం గనుక, అందులో కనీసం రెండు విధాలు లెక్కకు వస్తాయి; ఎంత గొప్ప తేడా వచ్చినా నూటికి 10 కంటే దిగేది కాదు.

ప్రయోగంలో ఎలా పంచావో లెక్కలోనూ అలాగే పంచాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను వేరుశనగ మళ్లలో కాలువ పక్క వరుసకూ మెరక వరుసకూ విడివిడిగా చీటీలు తీసి ఎరువు వేయించి, లెక్కలో మాత్రం అన్నిటినీ కలగాపులగం చేశాను. నీటి వల్ల వచ్చిన తేడాలో ఎరువు తేడా మునిగిపోయింది. ఏ వరుసకు ఆ వరుస కలిపి చూస్తేనే బయటపడింది. అలాగే ఎత్తు, ఆకులు, కొమ్మలు అన్నీ కొలిచి, బాగా తేలినదాన్ని ఎంచుకుని ఉంటే, కలిపిన ప్రతిసారీ మూడింటినీ లెక్కించి ఆ ఎంపికనూ చేయించు.

ఏ కుండీకి ఏది పోయాలో ఎలా నిర్ణయించావో మాత్రం నువ్వు రాయలేదు. ఎండ బాగా తగిలే పక్కనున్న పదింటికే జీవామృతం పోసి ఉంటే, లక్ష సార్లు కలిపినా అది ఎండ గొప్పో జీవామృతం గొప్పో తేలదు. వెంటనే జాబు రాయి.