చాంబర్ మార్చినా ఆయిల్ కారుతోంది, గ్యారేజీ మీద కేసు వేయొచ్చా?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. రాయి తగిలి కారు కింద ఆయిల్ కారుతుంటే హైదరాబాద్‌లో ఒక గ్యారేజీలో చూపించాను. చాంబర్ (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) పోయిందని కొత్తది వేసి, ఆయిల్, ఫిల్టర్‌తో కలిపి 14,500 తీసుకున్నారు. పది రోజులకే ఇంటి ముందు బండల మీద మళ్లీ నల్ల మరక. ఫోన్ చేస్తే, ‘ఇది చాంబర్ కాదు, వెనక క్రాంక్ సీల్ (ఇంజిన్ ఇరుసు చుట్టూ ఆయిల్ కారకుండా ఆపే రింగు), గేర్‌బాక్స్ దించాలి, ఇంకో 18 వేలు అవుతుంది’ అంటున్నారు. పాత చాంబర్ ఏదంటే పారేశామన్నారు. పోలీస్ కేసు పెట్టొచ్చా? కన్స్యూమర్ కేసు వేస్తే హైదరాబాద్ చుట్టూ తిరగాలా?

జవాబు: తిరగక్కర్లేదు, మీ కేసు నల్లగొండలోనే వేసుకోవచ్చు. కానీ కేసు సంగతి తర్వాత, ముందు బండి కింద ఎవరినీ తుడవనీయకండి. మరక, చాంబర్ చుట్టూ ఉన్న తడి, డిప్‌స్టిక్ మీద ఆయిల్ ఎంతుందో, అన్నీ ఫొటోలు, వీడియో తీసి పెట్టుకోండి. తర్వాత ఆ గ్యారేజీతో సంబంధం లేని ఇంకో చోట, వీలైతే మీ కారు కంపెనీ సర్వీస్ సెంటర్‌లో, చెక్ చేయించి లీకు ఎక్కడిదో కాగితం మీద రాయించుకోండి. ఇలాంటి కేసులు ఎక్కువగా దెబ్బతినేది ఆ కాగితం లేకనే. ‘నా బండి పాడుచేశారు’ అని మీరంటారు, ‘మేం బాగానే చేశాం’ అని వాళ్లంటారు, వినియోగదారుల కమిషన్ ఎవరి మాట నమ్మాలి?

ఎక్కడ కారుతోందన్నది ఎందుకు అంత ముఖ్యమంటే, ఆయిల్ ఎక్కడ లీకైనా చివరికి కిందున్న చాంబర్ మీదికే వస్తుంది. పైన ట్యాపెట్ కవర్ ప్యాకింగ్ పోయినా, ఆయిల్ ఫిల్టర్ సరిగా కూర్చోకపోయినా, ప్రెషర్ స్విచ్ దగ్గర కారినా కింద నుంచి చూసేవాడికి చాంబరే తడిగా కనిపిస్తుంది. వెనక క్రాంక్ సీల్ ఉండేది ఇంజిన్, గేర్‌బాక్స్ కలిసే చోట, చాంబర్ వెనక అంచు కూడా సరిగ్గా అక్కడే ఉంటుంది, కాబట్టి చేయి తిరిగిన మెకానిక్ కూడా అక్కడ పొరబడొచ్చు. అందుకే పని తెలిసినవాళ్లు మొదట ఇంజిన్ అంతా శుభ్రంగా కడిగి, కాసేపు నడిపి, పై నుంచి కిందికి చూసుకుంటూ వస్తారు. అప్పటికీ తేలకపోతే ఆయిల్‌లో రంగు కలిపి అల్ట్రావయొలెట్ లైటు వేసి చూస్తారు. మీ గ్యారేజీ వాళ్లు ఇందులో ఏదైనా చేశారా అన్నదే మీ కేసుకు ప్రాణం. జాబ్ కార్డులో, అంటే బండికి చేయాల్సిన పని గ్యారేజీ రాసిచ్చే కాగితంలో, ఏం రాశారో చూడండి.

లీకు చాంబర్ అంచు నుంచో, డ్రెయిన్ బోల్టు నుంచో, ఫిల్టర్ నుంచో అని తేలితే గొడవే లేదు, అది వాళ్ల పనే. చాంబర్ అంచుకు పూసే సిలికాన్ ఆరకముందే ఆయిల్ పోశారో, బోల్టు మరీ బిగించి మర పాడుచేశారో, పాత వాషరే మళ్లీ వేశారో, పాత ఫిల్టర్ రబ్బరు రింగు ఇంజిన్‌కే అంటుకుని ఉంటే దాని మీదే కొత్తది బిగించారో, ఏదైనా కానీ వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం అది సేవలో లోపం. మళ్లీ ఉచితంగా చేయాలి, లేదంటే డబ్బు వాపసు ఇవ్వాలి, మీరు పడ్డ ఇబ్బందికి పరిహారం, ఖర్చులు కూడా అడగొచ్చు.

నిజంగానే వెనక సీల్ అయితే మాత్రం మీరనుకున్నంత సులువు కాదు. రాయి తగిలింది అని మీరే అంటున్నారు. చాంబర్ పగిలిన మాట నిజమై, దానితో పాటు పాత సీల్ కూడా కారుతూ ఉంటే, సీల్ అరిగిపోవడం గ్యారేజీ తప్పు కాదు, ఆ ఖర్చు మీదే. అప్పుడు మీరు నిలబడగలిగేది ఒక్క మాట మీద: చాంబర్ వేశాక కడిగి, నడిపి చూసి ఉంటే రెండో లీకు ఆ రోజే బయటపడేది కదా, చూడకుండా బండి ఎందుకు ఇచ్చారు? దీనికి పూర్తి 14,500 వెనక్కి వస్తుందని నేను ఆశ పెట్టను. ఇంకోటి, సీల్ ధర తక్కువ, గేర్‌బాక్స్ దించి ఎక్కించే కూలీయే ఎక్కువ. ఆ 18 వేలలో ఏది ఎంతో విడివిడిగా రాసివ్వమనండి, ఇంకో రెండు చోట్ల కూడా అడగండి.

పోలీస్ కేసు గురించి. రిపేరు సరిగా చేయకపోవడం మోసం కాదు. భారతీయ న్యాయ సంహిత 318 సెక్షన్ కింద చీటింగ్ అనాలంటే మొదటి నుంచే మోసం చేసే ఉద్దేశం ఉండాలి, లేకపోతే ‘సివిల్ మ్యాటర్, కోర్టుకు పో’ అని స్టేషన్లో పంపించేస్తారు. అయితే చాంబర్ మార్చకుండానే మార్చినట్టు బిల్లు వేసి ఉంటే కథ వేరు. పాత చాంబర్ పారేశామన్న మాట నాకు నచ్చలేదు. సర్వీస్ సెంటర్‌లో ఇప్పుడున్నది కొత్తదా, పాతదానికే అతుకు వేశారా అన్నది కూడా అదే రిపోర్టులో రాయించండి.

కన్స్యూమర్ కేసు విషయానికొస్తే, పాత చట్టంలో అవతలి పక్షం ఉన్న చోటికో, వ్యవహారం జరిగిన చోటికో పరిగెత్తాల్సి వచ్చేది. 2019 చట్టం 34వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదుదారు నివసించే చోటే వేయొచ్చు, కాబట్టి నల్లగొండ జిల్లా కమిషన్ సరిపోతుంది. మీరు చెల్లించిన మొత్తం 5 లక్షల లోపే కాబట్టి ఫీజు లేదు, లాయర్ లేకుండా మీరే వాదించుకోవచ్చు. గడువు రెండేళ్లు. కానీ అన్నాళ్లు ఆగితే బండి మీద సాక్ష్యం ఏం మిగులుతుంది? రిపోర్టు చేతికి రాగానే దాని కాపీ జతచేసి, 15 రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి, వాట్సాప్‌లో కూడా పెట్టండి. మధ్యలో వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. చాలా గ్యారేజీలు అక్కడే దారికొస్తాయి. ఫోన్లో ఏం మాట్లాడినా తర్వాత అదే విషయం మెసేజ్‌లో రాసి పంపండి, నోటి మాటకు విలువ లేదు. కారు టాక్సీగా తిప్పుతున్నా భయం లేదు, సొంత బతుకుదెరువు కోసం మీరే నడుపుకుంటే చట్టం దృష్టిలో మీరు వినియోగదారుడే.

బండి మళ్లీ వాళ్ల దగ్గరే పెడితే ఒక విషయం గుర్తుంచుకోండి. కాంట్రాక్టు చట్టం 170వ సెక్షన్ ప్రకారం, చేసిన పనికి డబ్బు ఇచ్చేదాకా బండిని ఆపుకునే హక్కు మెకానిక్‌కు ఉంది. కొత్త పనికి మీరు రాతపూర్వకంగా ఒప్పుకోకుండా బండి విప్పనీయకండి. తప్పనిసరై డబ్బు కట్టి బండి తెచ్చుకోవాల్సి వస్తే, బిల్లు మీద ‘అభ్యంతరంతో చెల్లిస్తున్నాను’ అని రాసి సంతకం పెట్టండి.

ఇక ఇన్సూరెన్స్. రాయి తగిలి పగిలిన చాంబర్‌కు సమగ్ర పాలసీలో క్లెయిమ్ అడిగే వీలుంది, అది రిపేరుకు ముందే చెప్పాల్సింది, ఇప్పుడు కష్టం. ఇంజిన్ సంగతి అంతకన్నా జాగ్రత్త. లీకు ఉందని తెలిసీ బండి నడిపి, ఆయిల్ లైటు వెలిగినా ఆపకుండా ఇంజిన్ పట్టేస్తే ఇన్సూరెన్స్ కంపెనీ ఇవ్వదు, ఎందుకంటే ప్రమాదం తర్వాత రిపేరు చేయించకుండా నడిపితే పెరిగిన నష్టం యజమానిదేనని పాలసీ షరతుల్లోనే ఉంటుంది. గ్యారేజీ వాళ్లు కూడా తప్పు మీ మీదికే నెడతారు. సర్వీస్ సెంటర్ దాకా కూడా నడుపుకుంటూ వెళ్లకండి, లోడింగ్ బండి మీద పంపండి, ఆ రసీదు కూడా దాచుకోండి, ఖర్చుల్లో కలిపి అడగడానికి పనికొస్తుంది.