ఎం మ్యాట్రిక్స్‌లో సున్నాలుంటే ఫ్రీక్వెన్సీలు ఏ రొటీన్‌తో తీయాలి?

ప్రశ్న: తిరుపతిలో ఎం.టెక్ స్ట్రక్చర్స్ చేస్తున్నాను. నాలుగు కాళ్ల వాటర్ ట్యాంకు స్టేజింగ్‌కి (ట్యాంకును మోసే ఫ్రేమ్) కె (స్టిఫ్‌నెస్), ఎం (మాస్) మ్యాట్రిక్సులు పైథాన్‌లో సొంతంగా కట్టాను. రొటేషన్ల దగ్గర ఎం లో సున్నాలుండడంతో ఇన్వర్స్ రాలేదు. సున్నాల బదులు 10⁻¹² పెట్టి, ఎం ఇన్వర్స్‌ని కె తో గుణించి నంపై ఐగ్‌కి ఇస్తే కొన్ని విలువలు కాంప్లెక్స్‌గా వచ్చాయి. సున్నాలు అలాగే ఉంచి సైపై ఐగ్‌హెచ్‌కి ఇస్తే "బి లీడింగ్ మైనర్ ఆఫ్ ఆర్డర్ 4 పాజిటివ్ డెఫినిట్ కాదు" అంటోంది. ఏం చెయ్యాలన్నా?

జవాబు:

మొదట ఎం ఇచ్చి, తర్వాత కె ఇవ్వండి. అంటే తిరగేసి. పుస్తకంలో కె ఎక్స్ = లాంబ్డా ఎం ఎక్స్ (లాంబ్డా అంటే కోణీయ ఫ్రీక్వెన్సీ ఒమేగా వర్గం) అని ఉంది కదా అని రొటీన్‌కీ అదే వరసలో అందించాలని రూలేమీ లేదు. ఐగ్‌హెచ్ దగ్గర మీకు వచ్చిన ఎర్రర్ రెండో స్థానంలో కూర్చోకూడనిదాన్ని కూర్చోబెట్టడం వల్ల వచ్చిందే.

ముందు ఆ ఎర్రర్ మెసేజీ సంగతి. పాజిటివ్ డెఫినిట్ అంటే ఐగెన్ విలువలన్నీ సున్నా కంటే ఎక్కువ ఉన్న మ్యాట్రిక్స్. అందులో 4 అనే అంకె ఉత్తినే రాలేదు. ఐగ్‌హెచ్ లోపల జరిగేది ఇది: రెండో మ్యాట్రిక్స్‌ని చొలెస్కీ పద్ధతిలో ఎల్ × ఎల్ ట్రాన్స్‌పోజ్‌గా విడగొడుతుంది, ఆ ఎల్‌తో మొదటి మ్యాట్రిక్స్‌ని రెండు పక్కలా "భాగించి" మామూలు సిమ్మెట్రిక్ సమస్యగా మారుస్తుంది, దాన్ని సాధిస్తుంది, చివర్లో వెక్టర్లను వెనక్కి తిప్పుతుంది. చొలెస్కీ మొదటి వరస నుంచి నడుచుకుంటూ వస్తుంది. మీ మొదటి జాయింట్‌లో మూడు కదలికలకు మాస్ ఉంది, దాటింది. నాలుగోది మొదటి రొటేషన్, అక్కడ సున్నా తగిలి ఆగిపోయింది. లాపాక్‌ని (సైపై వెనక పనిచేసే లైబ్రరీ) ఫోర్ట్రాన్ నుంచో సీ నుంచో నేరుగా పిలిచేవాళ్లకు ఇదే విషయం ఇన్ఫో అనే కోడ్‌లో ఎన్ + 4 అని వస్తుంది, ఎన్ అంటే మ్యాట్రిక్స్ సైజు. ఇన్ఫో సున్నా కంటే ఎక్కువై ఎన్ దాటకపోతే అర్థం వేరు, లోపలి ఐగెన్ లెక్క కుదురుకోలేదని. అలాంటిది కనబడితే నేను ముందు మ్యాట్రిక్స్‌లో ఎక్కడైనా నాన్ (అంకె కాని విలువ) దూరిందేమో వెతుకుతాను, చాలాసార్లు అక్కడే దొరుకుతుంది.

తిరగేస్తే ఏమవుతుందో చేత్తో చేసి చూడొచ్చు. కె = [2 −1; −1 1], ఎం = [1 0; 0 0] అనుకోండి. డిటర్మినెంట్ తీస్తే (2 − లాంబ్డా) × 1 − 1 = 0, కాబట్టి లాంబ్డా = 1 ఒక్కటే. రెండోది అనంతం. ఇప్పుడు ఎం ఎక్స్ = మ్యూ కె ఎక్స్ అని రాయండి. మ్యూ² − మ్యూ = 0 వస్తుంది, అంటే మ్యూ = 1, మ్యూ = 0. లాంబ్డా అంటే 1 / మ్యూ. రొటీన్‌కి మింగుడుపడని అనంతం ఇటు వచ్చేసరికి మామూలు సున్నా అయిపోయింది. కాళ్ల కింద సపోర్టులు సరిగ్గా బిగించి ఉంటే కె పాజిటివ్ డెఫినిట్, చొలెస్కీకి ఇబ్బందే లేదు.

ఇక 10⁻¹² పెట్టడం. ఈ అలవాటు చాలామంది కోడ్‌లో ఉంది. ఎందుకు వద్దంటానో అంకెల్లో చెబుతాను. మాస్ 20,000 కిలోలు, స్టిఫ్‌నెస్ 2 × 10⁷ న్యూటన్/మీటర్ అనుకుంటే మనకు కావాల్సిన లాంబ్డా కొన్ని వందలు. అదే స్థాయి స్టిఫ్‌నెస్ కింద 10⁻¹² మాస్ పెట్టారంటే మీరే చేతులారా 2 × 10¹⁹ సైజు ఐగెన్ విలువ ఒకటి పుట్టించారు. ఈ పద్ధతిలో ఏ విలువలోనైనా రాదగిన తప్పు, మోటుగా చెప్పాలంటే, అతి పెద్ద విలువ × 2.2 × 10⁻¹⁶. అంటే 4,400. మీకు కావాల్సిందేమో 400 లోపు! ప్రతిసారీ అంత తప్పు వస్తుందని కాదు, డీవోఎఫ్‌ల (జాయింట్లు కదలగల, తిరగగల దిశలు) వరస కలిసొస్తే బాగానే రావచ్చు కూడా. కానీ జాయింట్ల నంబర్లు మారిస్తే ఫ్రీక్వెన్సీ మారే లెక్కను గైడ్ ముందు పెట్టలేం కదా. 10⁻⁶ పెడితే అదే తప్పు 0.0044కి దిగుతుంది, బతికిపోవచ్చు. అయినా తిరగేసే దారి ఉండగా ఆ జూదం ఎందుకు?

కాంప్లెక్స్ విలువలు వచ్చిన కారణం వేరు. మీ స్టేజింగ్ చతురస్రం. తూర్పు-పడమర ఊగడానికీ ఉత్తర-దక్షిణ ఊగడానికీ ఒకే ఫ్రీక్వెన్సీ, అంటే జంట మూలం. కె, ఎం విడివిడిగా సిమ్మెట్రిక్ అయినా ఎం ఇన్వర్స్ × కె సిమ్మెట్రిక్ కాదు. నంపై ఐగ్‌కి ఇవి నిజ సంఖ్యలే రావాలన్న సంగతి తెలియదు. రౌండాఫ్ వల్ల జంట మూలం రెండుగా చీలేటప్పుడు పక్కకూ చీలవచ్చు, పైకీ కిందకీ కూడా చీలవచ్చు. రెండో రకం మీకు ఎదురైంది. రియల్ భాగం మాత్రం తీసుకుని సర్దుకుపోదామని చూడకండి. ఆ వెక్టర్లు ఎం-ఆర్థోగొనల్‌గా ఉండవు, పార్టిసిపేషన్ ఫ్యాక్టర్లు (ఒక్కో మోడ్ వాటా చెప్పే అంకెలు) చెడిపోతాయి. భూకంప కోడ్ ఐఎస్ 1893 అడిగే 90 శాతం మోడల్ మాస్ లెక్క దగ్గర ఆ సంగతి బయటపడుతుంది. ఇంకోటి, నంపై ఐగ్, ఐగ్‌హెచ్ రెండూ ఒక్క మ్యాట్రిక్స్ సమస్యకే. రెండు మ్యాట్రిక్సులు తీసుకునేవి సైపై లినాల్జ్‌లో ఉన్నాయి.

చెయ్యాల్సింది వరసగా:

కె నుంచి దాని ట్రాన్స్‌పోజ్ తీసేసి, తేడాలో అతి పెద్ద అంకెను కె లోని అతి పెద్ద అంకెతో పోల్చండి. 10⁻¹⁴ దరిదాపుల్లో ఉంటే సరే. 10⁻⁶ ఉంటే అసెంబ్లీలో తప్పుంది. ఇది ముందే చూడాలి, ఎందుకంటే ఐగ్‌హెచ్ కింది త్రిభుజం మాత్రమే చదువుతుంది. పై సగంలో ఎంత చెత్త ఉన్నా నోరు మెదపదు.

సపోర్టుల దగ్గర డయాగొనల్‌లో 10²⁰ పెట్టే పద్ధతి ఉంటే తీసేయండి. ఆ వరసలు, నిలువులు పూర్తిగా తొలగించండి. ఇప్పుడు చొలెస్కీ నడిచేది కె మీద, దాని కండిషన్ నంబర్ పాడైతే ఎం తో తప్పించుకున్న తలనొప్పి ఇటునుంచి వస్తుంది.

సైపై ఐగ్‌హెచ్‌కి ఎం, కె ఆ వరసలో ఇవ్వండి. మ్యూ విలువలు చిన్న నుంచి పెద్దకు వస్తాయి, మీకు కావాల్సిన తక్కువ ఫ్రీక్వెన్సీలు చివర్లో ఉంటాయి. మొదటి 10 మోడ్‌లే చాలనుకుంటే సబ్‌సెట్ బై ఇండెక్స్‌లో ఎన్ − 10 నుంచి ఎన్ − 1 వరకు అడగండి.

అన్ని విలువలూ తీస్తే అతి పెద్ద మ్యూ × ఎన్ × 2.2 × 10⁻¹⁶ కంటే చిన్నవాటిని వదిలేయండి. అవి సున్నాలే, మైనస్ 10⁻²⁰ లాంటి వేషంలో వస్తాయి. వాటిని తిరగేసి వర్గమూలం తీయబోతేనే నాన్‌లు వస్తాయి. ఇలా వదిలేసినవాటి సంఖ్య మాస్ లేని డీవోఎఫ్‌ల సంఖ్యతో అచ్చంగా సరిపోవాలి. సరిపోకపోతే ఎం అసెంబ్లీ మళ్లీ చూడండి.

వెక్టర్ల స్కేలు ఇక్కడ చాలామంది మరిచిపోతారు. తిరగేసినప్పుడు రొటీన్ ఎక్స్ ట్రాన్స్‌పోజ్ × కె × ఎక్స్ = 1 అయ్యేలా ఇస్తుంది. మనకు ఎం తో 1 కావాలి. ప్రతి వెక్టర్‌నూ దాని ఒమేగాతో, అంటే 1 / √మ్యూ తో గుణిస్తే సరి.

కండెన్సేషన్ (మాస్ లేని రొటేషన్లను ముందే తొలగించి కె ని చిన్నది చెయ్యడం) చెయ్యొచ్చా అని అడుగుతారేమో. చెయ్యొచ్చు. రొటేషన్ మాస్ నిజంగా సున్నా అయితే స్టాటిక్ కండెన్సేషన్ ఉజ్జాయింపు కాదు, కచ్చితమైన జవాబే. రొటేషన్ భాగానికి ఇన్వర్స్ తీయకుండా చొలెస్కీతో సాధించండి, వచ్చిన కండెన్స్‌డ్ కె ని దాని ట్రాన్స్‌పోజ్‌తో కలిపి సగం చెయ్యండి. అప్పుడు ఎం పూర్తిగా పాజిటివ్, పుస్తకం వరసలోనే ఇవ్వొచ్చు. చిన్న మోడల్‌కి రెండు దారుల్లోనూ చేసి పోల్చుకోవడం మంచి పరీక్ష.

మొదట కోడ్‌ని ఒక తెలిసిన లెక్క మీద నడపండి. రెండంతస్తుల షియర్ ఫ్రేమ్, అంతస్తుకు 20 టన్నులు, 20,000 కిలోన్యూటన్/మీటర్. లాంబ్డాలు 381.97, 2618.03 రావాలి, ఫ్రీక్వెన్సీలు 3.11, 8.14 హెర్ట్జ్. 0.098 హెర్ట్జ్ వచ్చిందా? అయితే కిలోన్యూటన్‌తో కిలోలు కలిపారు, తేడా √1000, అంటే 31.6 రెట్లు. కిలోన్యూటన్‌కు జోడీ టన్ను, న్యూటన్‌కు జోడీ కిలో.

జంట మోడ్‌ల గురించి ఇంకో మాట. ఐగ్‌హెచ్ ఇచ్చే ఆ రెండు వెక్టర్లు ఏదో మూలకు, 30 డిగ్రీలు వాలి ఉండొచ్చు, ఇంకో సాఫ్ట్‌వేర్‌లో నిటారుగా ఉండొచ్చు. రెండూ సరైనవే. ఒకే తలంలో ఏ రెండు లంబ దిశలు తీసుకున్నా చెల్లుతాయి. విడివిడిగా పోల్చకుండా రెండింటి మోడల్ మాస్ కలిపి పోల్చండి.

ఏ మోడ్ అయినా జారిపోయిందేమో అనుమానం ఉంటే స్టర్మ్ లెక్క చెయ్యండి. ఒక సిగ్మా ఎంచుకుని కె − సిగ్మా × ఎం ని ఎల్ డీ ఎల్ ట్రాన్స్‌పోజ్‌గా విడగొట్టి, డీ లో నెగటివ్‌లు ఎన్నో లెక్కపెట్టండి. సిగ్మా కింద అన్నే ఐగెన్ విలువలుంటాయి. సైపై ఎల్‌డీఎల్ ఇచ్చే డీ లో అక్కడక్కడ 2 × 2 బ్లాకులుంటాయి, అలాంటి ఒక్కో బ్లాకులో ఒక నెగటివ్ ఉన్నట్టు.

లాపాక్ పేర్లు తెలుసుకోవాలంటే: సిమ్మెట్రిక్ జోడీకి డీఎస్‌వైజీవీ. వెక్టర్లు కావాలంటే వేగంగా చేసేది డీఎస్‌వైజీవీడీ, కానీ వర్క్‌స్పేస్ 1 + 6ఎన్ + 2ఎన్² అడుగుతుంది. కొన్నే కావాలంటే డీఎస్‌వైజీవీఎక్స్. మూడూ మీరిచ్చిన రెండు మ్యాట్రిక్సులనూ చెరిపేస్తాయి, కాపీ దాచుకోండి. ఎన్ = 10,000 అయితే ఒక్కో మ్యాట్రిక్స్ 800 ఎంబీ, డీఎస్‌వైజీవీడీకి మొత్తం 3.2 జీబీ దాటుతుంది.

అంత పెద్ద మోడల్‌కు డెన్స్ రొటీన్లు అసలు వద్దు. సైపైలో స్పార్స్ (ఎక్కువగా సున్నాలే ఉన్న) మ్యాట్రిక్సులకు ఉన్న ఐగ్స్‌హెచ్ వాడి సిగ్మా (ఏ విలువ దగ్గర వెతకాలో) = 0 ఇవ్వండి. లోపల ఉండేది ఆర్‌పాక్. సిగ్మా ఇచ్చినప్పుడు ఎం లో సున్నాలున్నా పర్వాలేదు, ఇవ్వకపోతే ఎం పాజిటివ్ డెఫినిట్ కావాలి. "అతి చిన్నవి" అనే ఆప్షన్ పెట్టి సిగ్మా వదిలేస్తే గంటల తరబడి తిరుగుతుంది. సిగ్మా ఉన్నప్పుడు "అతి పెద్దవి" అనే డిఫాల్ట్ అలాగే ఉంచాలి, ఎందుకంటే అది చూసేది తిరగేసిన విలువలను. మ్యాట్రిక్సులు సీఎస్‌సీ రూపంలో ఇవ్వండి. సపోర్టుల్లేని వస్తువైతే కె సింగ్యులర్, సిగ్మా = 0 పనిచెయ్యదు. కొంచెం నెగటివ్ సిగ్మా, అంచనాగా మొదటి నిజమైన లాంబ్డాలో పదో వంతు పెట్టండి.

డీజీజీఈవీ, అంటే క్యూజడ్ పద్ధతి (మోలర్, స్టూవర్ట్ 1973లో ప్రచురించింది), మీ సమస్యకు అక్కర్లేదు. సిమ్మెట్రీని పట్టించుకోదు, పని కూడా నాలుగైదు రెట్లు. నీటిని డిస్‌ప్లేస్‌మెంట్-ప్రెషర్ రూపంలో కలిపితే కె, ఎం రెండూ అన్‌సిమ్మెట్రిక్ అవుతాయి, అప్పుడు వాడాలి. డ్యాంపర్లు పెట్టి సమస్యను 2ఎన్ సైజుకు పెంచినప్పుడూ అంతే. అది విలువను ఆల్ఫా, బీటా అని రెండు ముక్కలుగా ఇస్తుంది. బీటా సున్నాకు దగ్గరైతే అనంతం. రెండూ సున్నాకు దగ్గరైతే మోడల్‌లోనే లోపం, మాస్‌కీ స్టిఫ్‌నెస్‌కీ దేనికీ తగలని డీవోఎఫ్ వేలాడుతోందని. అప్పుడు మిగతా విలువలనూ నమ్మకండి.

ఐఎస్ 1893 పార్ట్ 2 ప్రకారం ఇంపల్సివ్ (ట్యాంకుతో పాటే కదిలే నీరు), కన్వెక్టివ్ (ట్యాంకులో ఊగే నీరు) అని రెండు మాస్‌లు పెట్టినట్టయితే, మొదట కనిపించే బాగా తక్కువ ఫ్రీక్వెన్సీ జంట నీటి ఊగుడుది. తప్పు వచ్చిందని దాన్ని తీసేయకండి. ఖాళీ ట్యాంకు లెక్కకు కె ని ముట్టుకోనవసరం లేదు. నీటి మాస్‌లు తీసేసి, కన్వెక్టివ్ స్ప్రింగ్ అలాగే ఉంచండి. మాస్ లేని డీవోఎఫ్ ట్యాంకుతో పాటే కదులుతుంది, మీ జాబితాలో రెండు దిశలకూ కలిపి ఇంకో రెండు సున్నా మ్యూలు చేరతాయి, అంతే. నిండు, ఖాళీ రెండింటికీ కె ఒకటే కాబట్టి ఎస్‌పీఎల్‌యూతో (స్పార్స్ మ్యాట్రిక్స్‌ని విడగొట్టే రొటీన్) ఒక్కసారి విడగొట్టి, ఆ సాల్వ్‌నే ఐగ్స్‌హెచ్‌లో ఓపీఇన్వ్‌గా రెండుసార్లూ ఇచ్చుకోవచ్చు. సగం నిండినప్పుడు మాత్రం నీటి లోతుతో కన్వెక్టివ్ స్ప్రింగ్ మారుతుంది, కె ని మళ్లీ కట్టి విడగొట్టాలి.