నోటు మీద అప్పిచ్చాం, అడిగితే కొడతానంటున్నాడు. ఏం చేయాలి?

అమ్మ ప్రామిసరీ నోటు మీద అప్పిచ్చింది, అడిగితే కొడతానంటున్నాడు, స్టేషన్‌లో సివిల్ గొడవ అని పంపేశారు, లాయరుకి డబ్బుల్లేవు అని రాశారు. అచ్చం మా పిన్ని కథే.

ముందు నోటు మీద తేదీ చూడండి. అడిగినప్పుడు ఇస్తానని రాసే మామూలు నోటు మీద కోర్టులో దావా వేయడానికి గడువు, నోటు రాసిన రోజు నుంచి 3 ఏళ్లే. ఈలోగా అతను కొంత కట్టి, నోటు వెనక చెల్లు రాసి సంతకం పెట్టి ఉంటే అక్కడి నుంచి మళ్లీ 3 ఏళ్లు. లేదంటే కాలదోషం పడుతుంది, అంటే ఇక దావా చెల్లదు.

పిన్నిది సోంపేట దగ్గర ఊరు. జీడితోట మీద వచ్చిన 80 వేలు 2022 సంక్రాంతి ముందు వీధిలో ఒకాయనకి ఇచ్చింది. ‘ఎక్కడికి పోతాడులే’ అని ఊరుకుంది. 2024 దీపావళి దాటాక నాకు చెప్పింది. నోటు చూస్తే రెండు నెలలే ఉంది. నాకు టెన్షన్, ఆవిడకేమో పోలీసుల మీద కోపం. నిజానికి స్టేషన్ వాళ్లన్నది సగం రైటే. బాకీ వసూలు చేయడం వాళ్ల పని కాదు, కానీ కొడతాననడం మాత్రం వాళ్లు చూడాల్సిందే. మేం రెండూ ఒకే కాగితంలో కలిపేశాం, అదీ తప్పు. రెండోసారి డబ్బు ఊసు ఒక్క ముక్కలో తేల్చేసి, ఏ రోజు, ఎక్కడ, ఏమన్నాడు, ఎవరు విన్నారు అని రాశాం. సోమవారం ఎస్పీ ఆఫీసులో పెట్టే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇచ్చి రసీదు తీసుకున్నాం. తర్వాత అతన్ని పిలిచి మాట్లాడారు, నోరు తగ్గింది. మీ దగ్గర అప్పటికప్పుడు మీదకొస్తే మాత్రం కాగితాలు తర్వాత, ముందు 112కి ఫోన్ చేయండి.

ఇక డబ్బు సంగతి. కోర్టు ఆవరణలోనే న్యాయ సేవల కమిటీ ఉంటుంది. 1987 చట్టం ప్రకారం ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా లాయర్ని ఉచితంగా ఇస్తారు, కోర్టు ఫీజు కూడా మన మీద పడదు. ఎస్సీ, ఎస్టీలకీ, వికలాంగులకీ అంతే. ‘ఊరికే వచ్చే లాయరు ఏటి చేస్తాడు’ అంది పిన్ని. వచ్చిన లాయరమ్మ మొదట అడిగింది నోటు తేదీయే. మేం లోక్ అదాలత్‌లో పెడదామంటే ఒప్పుకోలేదు. అక్కడ ఇద్దరూ ఒప్పుకుంటేనే రాజీ, అతను రాకపోతే గడువు పోతుంది, ముందు దావా వేద్దాం అంది. వేసింది.

దావా పడ్డాక అతనే రాజీకొచ్చాడు. లోక్ అదాలత్‌లో అసలు పూర్తిగా, వడ్డీ సగం, నాలుగు వాయిదాలు అని రాశారు. ఆ అవార్డుకి, అంటే రాజీ ఉత్తర్వుకి, కోర్టు డిక్రీతో (తీర్పుతో) సమానమైన విలువ, దాని మీద అప్పీలు లేదు. మూడు వాయిదాలు కట్టాడు. నాలుగోది సాగదీస్తే ఈపీ (కోర్టు ద్వారా వసూలు చేయించే అమలు పిటిషన్) వేస్తామని కబురు పెట్టాం, ఇచ్చేశాడు.

కోర్టు దూరమైతే 15100కి ఫోన్ చేసి అడగండి, ఉచితమే. వెళ్లేటప్పుడు నోటు జిరాక్సులు రెండు, ఆధార్ పట్టుకెళ్లండి. అసలు నోటు మధ్యవర్తుల చేతికి ఇవ్వొద్దు. అమ్మగారిని తీసుకెళ్లడం మర్చిపోకండి, వకాల్తా (లాయరుకి మన తరఫున వాదించే అధికారం ఇచ్చే కాగితం) మీద సంతకం ఆవిడే పెట్టాలి.