టబ్బుల దగ్గర తగవు, కొత్త సూపర్‌వైజరు

ప్రశ్న: మా అబ్బాయి నెల్లూరు దగ్గర ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో పనిచేస్తున్నాడు. రెండు నెలల క్రితం సూపర్‌వైజర్‌ను చేశారు. అతని కింద రొయ్యలు ఒలిచే ఆడవాళ్లలో చాలామంది నా వయసువాళ్లే. పెద్ద రొయ్యల టబ్బు ఎవరికి ఇచ్చాడని రోజూ తగవు. ఇంటికొచ్చి అన్నం సరిగ్గా తినడు, మానేస్తానంటాడు. మాన్పించమంటారా?

జవాబు: అమ్మా, ఇప్పుడే మాన్పించకండి. కిలోకు ఇంత అని కూలి కట్టే చోట, కిలోకు 30 తూగే రొయ్యలు ఒలిచే మనిషికీ, 100 తూగేవి ఒలిచే మనిషికీ పట్టే సమయంలో చాలా తేడా ఉంటుంది. కౌంటును, అంటే కిలోకు తూగే రొయ్యల సంఖ్యను బట్టి రేటు మార్చినా ఆ తేడా పూర్తిగా పూడకపోవచ్చు. టబ్బు దగ్గర గొంతు పెంచే ఆవిడ తన సాయంత్రపు కూలి గురించే మాట్లాడుతోంది. మీ అబ్బాయి దాన్ని ఇద్దరు మనుషుల మధ్య పంతంగా చూసి సర్దిచెబుతున్నంత కాలం, రేపు మరో ఇద్దరి మధ్య అదే తగవు లేస్తుంది. టబ్బులు వంతులవారీగా అందరికీ తిరిగేలా, ఆ రోజు ఎవరికి ఏ కౌంటు వెళ్లిందో అందరికీ కనిపించే బోర్డు మీద రాసేలా మేనేజరును అడగమనండి. తూకానికి ముందు నీళ్లు వార్చే సమయం అందరికీ ఒకటే కావాలి, ఒలిచిన మనిషి కాటా దగ్గర నిలబడి అంకె చూసుకోగలగాలి.

ఫిర్యాదు వచ్చినప్పుడు అందరి ముందు తీర్పు చెప్పవద్దనండి. నేను చీమకుర్తి వైపు ఒక గ్రానైటు పాలిషింగ్ యూనిట్లో కొత్తగా సూపర్‌వైజరుగా ఉన్నప్పుడు, ఒక పాత ఆపరేటరును నలుగురి ముందు తప్పుపట్టాను. ఆ తరువాత ఆయన యంత్రంలో తేడా శబ్దం వస్తున్నా నాతో చెప్పడం మానేశాడు. ఆయన నమ్మకాన్ని తిరిగి పొందలేకపోయానన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది. ఇద్దరినీ విడివిడిగా కూర్చోబెట్టి వినాలి, విన్నది తేదీతో రాసుకోవాలి, ఫలానా రోజుకు జవాబిస్తానని చెప్పి ఆ రోజుకు ఇవ్వాలి, కుదరదన్న జవాబైనా సరే. పెద్దవాళ్లను అక్కా, అమ్మా అని పిలవడం మానుకోనక్కరలేదు.

ఒక్క విషయంలో మాత్రం సొంతంగా రాజీ కుదర్చకూడదు. లైంగిక వేధింపుల ఫిర్యాదు వస్తే, 2013 చట్టం ప్రకారం పదిమంది, అంతకు మించి పనిచేసే చోట ఉండాల్సిన అంతర్గత కమిటీకి అది వెళ్లేలా చూడాలి. ఫిర్యాదు రాసి ఇవ్వడంలో ఆమెకు సాయం కావాలంటే అడ్డుచెప్పకుండా చేయించాలి. కూలి, పనివేళల వంటి వాటికి, 20 మంది, అంతకు మించి పనిచేసే ప్లాంటులో ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలన్నది కూడా చట్టమే. ప్లాంటులో అది ఉందో లేదో ముందుగా కనుక్కోమనండి.

మూడు నెలలు ఇలా నడిపి చూడమనండి. అప్పటికీ బోర్డుకూ, కాటాకూ మేనేజరు ఒప్పుకోకపోతే అబ్బాయిని నా దగ్గరకు పంపండి, వేరే ప్లాంటు వెతుకుదాం.