సియోల్ యువజన దినోత్సవానికి వెళ్లేవాళ్లు శనివారం రాత్రి జాగరణ కోసం సర్దుకోవాలి

నల్లగొండ జిల్లాలోని ఒక విచారణ (ఒక ఫాదర్ కింద ఉండే చర్చి పరిధి) నుంచి పన్నెండు మంది 2027లో సియోల్‌లో జరిగే కతోలికుల ప్రపంచ యువజన దినోత్సవానికి వెళ్లాలనుకుంటున్నారు, అక్కడ ఏం జరుగుతుంది, ఇప్పటి నుంచి ఏం చూసుకోవాలి అని అడిగారు. మీ ప్రశ్నలో టికెట్, వీసా గురించే ఎక్కువ ఉంది. వాటి సంగతి కిందికి పెడతాను. వెళ్లినవాళ్లను నిజంగా ఏడిపించేవి నిద్ర, నడక, నీళ్లు.

పేరుకు దినోత్సవం గానీ అది వారం. సియోల్‌లో ఆగస్టు 3 మంగళవారం ప్రారంభ పూజ (మాస్), 8 ఆదివారం ముగింపు పూజ. మధ్యలో పొద్దున పూట భాషలవారీగా సత్యోపదేశం (విశ్వాస పాఠాలు), సాయంత్రాలు పాటలు, ఆరాధన, పాపసంకీర్తనం (ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకోవడం). మామూలుగా గురువారం జగద్గురువులకు (పోపుకు) స్వాగతం, శుక్రవారం సిలువ మార్గం ఉంటాయి. శనివారం అందరూ మూటాముల్లె నెత్తిన పెట్టుకుని ఒక పెద్ద మైదానానికి నడిచిపోయి, రాత్రి జాగరణ చేసి, అక్కడే ఆరుబయట పడుకుని, తెల్లారి పూజ చూసుకుని వస్తారు. మిగతా ఐదు రోజులు ఎలా గడిచినా గడుస్తాయి. ఈ ఒక్క రాత్రికి సిద్ధంగా లేనివాళ్లు ఆదివారం పూజలో కూర్చునే నిద్రపోతారు.

గుణదల తిరునాళ్లకు పోయొచ్చినవాళ్లకు జనం కొత్త కాదు. కానీ గుణదలలో ఎటు తోసుకుపోయినా కొండ కనిపిస్తుంది, ఎక్కడో చోట కూర్చుంటాం. సియోల్ మైదానంలో మీ కార్డు మీద ఏ సెక్టార్ రాసి ఉంటే అందులోకే పోనిస్తారు. పక్క సెక్టార్‌లో మీ పక్క విచారణ వాళ్లున్నా కలవనివ్వరు. ఒక్కో గేటు దగ్గర గంటల తరబడి నిలబడాల్సి వస్తుంది కాబట్టి మధ్యాహ్నంలోపే లోపలికి చేరాలి. ఆలస్యంగా వచ్చినవాళ్లకు మిగిలేది మరుగుదొడ్ల పక్క జాగా.

కింద పరుచుకునేదే ముఖ్యం, పైన కప్పుకునేది తర్వాత. చాలామంది మంచి చెద్దరు తెచ్చుకుని కింద పలచటి చాప వేసుకుంటారు. అర్ధరాత్రి దాటాక గడ్డి చెమ్మ చాపలోంచి పైకొస్తుంది, మంచుకు చెద్దరు తడుస్తుంది, ఇక నిద్ర ఉండదు. కల్లంలో వడ్ల మీద కప్పే పరదా ఉంది చూడండి, దాంట్లోంచి ఏడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు ముక్క మనిషికొకటి కత్తిరించుకోండి. దాని మీద చుట్టుకునే ఫోమ్ చాప, పైన స్లీపింగ్ బ్యాగు. వాన వస్తే అదే పరదా మీద కప్పుకోవచ్చు. ఈ మూడింటినీ ఎవరూ ఇవ్వరు. నిర్వాహకులిచ్చే కిట్‌లో సంచి, టోపీ, పుస్తకం లాంటివే ఉంటాయి.

వాన మాట ఊరికే అనలేదు. 2011లో మాడ్రిడ్‌లో జరిగిన యువజన దినోత్సవంలో జాగరణ మధ్యలోనే గాలివాన వచ్చి పోపు బెనడిక్ట్ ప్రసంగం ఆగింది. దివ్యసత్ప్రసాదం (పూజలో పంచే అప్పం) ఉంచిన గుడారాలు కూలడంతో మర్నాడు చాలామందికి అది అందలేదు. 2013లో రియోలో సిద్ధం చేసిన మైదానం బురదై మొత్తం కోపాకబానా బీచ్‌కి మార్చారు. 2023లో లిస్బన్‌లో తిప్పలు పెట్టింది ఎండ. సియోల్‌లో ఆగస్టు అంటే ఉక్క, మధ్య మధ్య వాన, రెండూ కలిసే ఉంటాయి. రెండు లీటర్ల నీళ్లు, నాలుగైదు ఓఆర్ఎస్ ప్యాకెట్లు మనిషి దగ్గరే ఉండాలి, లీడర్ సంచిలో కాదు.

నడకకు అలవాటు ఇక్కడే కావాలి. పది పదిహేను కిలోమీటర్ల నడక మన ఊర్ల పిల్లలకు లెక్క కాదు గానీ, వాళ్లు నడిచేది చెప్పులతో. కొత్త బూట్లు కొనుక్కుని విమానం ఎక్కితే రెండో రోజుకే మడమలు బొబ్బలెక్కుతాయి. రెండు నెలల ముందే బూట్లు కొని, ఆరు కిలోల సంచి వీపున వేసుకుని, వారానికి రెండుసార్లు పానగల్లు ఉదయసముద్రం కట్ట మీద నడిపించండి. బొబ్బ లేచే చోటేదో అప్పుడే తెలుస్తుంది. అక్కడ ముందే టేపు వేసుకోవాలి, లేచాక కాదు.

ఇక కాగితాలు. మన వైపు గుంపులు ఎక్కువగా చిక్కుకునేది పేర్ల దగ్గర. జ్ఞానస్నాన పత్రంలో ఒక పేరు, పదో తరగతి మెమోలో ఇంకొకటి, ఆధార్‌లో ఇంటిపేరు స్థానంలో ఒక్క అక్షరం. విచారణ గురువులు అలవాటుగా జ్ఞానస్నాన పేరుతో సిఫారసు లేఖ రాస్తారు, వీసా ఆఫీసులో అది వేరే మనిషి అవుతుంది. పాస్‌పోర్టులో ఉన్న పేరే, అదే వరుసలో, లేఖలోనూ రిజిస్ట్రేషన్‌లోనూ టికెట్‌లోనూ ఉండాలి. ఆధార్ సరిచేసుకునే పని ఈ నెలే మొదలుపెట్టండి. మామూలు 36 పేజీల పాస్‌పోర్టుకు రుసుము 1,500, తత్కాల్ అయితే ఇంకో 2,000. తిరిగొచ్చే తేదీ తర్వాత ఆరు నెలలైనా గడువు మిగిలుండాలి.

భారతీయులకు కొరియా వీసా తప్పనిసరి. రిజిస్ట్రేషన్ ఒక్కొక్కరుగా కాకుండా మేత్రాసన (బిషప్ పరిధి) యువజన విభాగం ద్వారా, ఐసీవైఎం (భారత కతోలిక యువజన ఉద్యమం) గుంపుతో కలిసి చేయించుకోండి. ఇలాంటి సమ్మేళనాల్లో గుంపు వదిలి కనిపించకుండా పోయినవాళ్లు గతంలో ఉన్నారు, అందుకే వీసా అధికారులు తిరిగొస్తారా లేదా అన్నదే చూస్తారు. చదువుకుంటున్నట్టు కాలేజీ లేఖ, సెలవు మంజూరు, తల్లిదండ్రుల బ్యాంకు ఖాతా బలం ఇస్తాయి. ఐటీఆర్ లేని రైతు కుటుంబాలైతే పట్టాదారు పాసుపుస్తకం నకలు, ఇంగ్లీషు అనువాదం జతచేయడం మంచిది. దరఖాస్తుకు నాలుగు రోజుల ముందు ఖాతాలో లక్షలు వేస్తే ఉన్న నమ్మకం కూడా పోతుంది. వీసా గ్యారంటీ అనే ఏజెంటుకు అడ్వాన్సు ఇవ్వకండి, ఆ గ్యారంటీ ఎవరి చేతిలోనూ ఉండదు.

తిండి విషయంలో మన ఇళ్లలో చేసే మొదటి పని కోడి పచ్చడి పెట్టడం. కొరియాలోకి మాంసంతో చేసినవేవీ తీసుకుపోకూడదు, పట్టుబడితే జరిమానా పెద్దది. మామిడికాయ పచ్చడి చెక్-ఇన్ సామానులోనే పెట్టాలి, చేతిసంచిలో ఉంటే సెక్యూరిటీ దగ్గర తీసేస్తారు. సకినాలు, పల్లి పొడి, కారప్పొడి చెక్-ఇన్ సామానులో హాయిగా పోతాయి. అక్కడ అన్నం దొరుకుతుంది, కాస్త జిగటగా ఉంటుంది. చారులో పందిమాంసమో చేపో ఉండొచ్చు, తిననివాళ్లు అడిగి తీసుకోవాలి. చార్జర్లలో మన రెండు పిన్నులవి పడతాయి, మూడు పిన్నులవి పట్టవు. పవర్ బ్యాంకు చేతిసంచిలోనే.

లక్షల మంది ఒక్కచోట చేరితే ఫోన్లో డేటా నడవదు, మెసేజ్‌లు గంట ఆలస్యంగా వస్తాయి. పన్నెండు మందిని ముగ్గురేసి నాలుగు జట్లు చేయండి, జట్టులో ఒక్కరికైనా ఇంగ్లీషు రావాలి. ప్రతి చోటా తప్పిపోతే కలిసే జాగా ముందే కాళ్లతో నడిచి చూపించండి. నోటితో చెప్తే ఎవరికీ గుర్తుండదు.

పొద్దున సత్యోపదేశం తెలుగులో దొరకడం కష్టం, ఇంగ్లీషు గుంపులో కూర్చుని ఒకరు రాసుకుని మిగతావాళ్లకు చెప్పాలి. పాపసంకీర్తనానికి వెంట వచ్చే ఫాదర్‌నే అడగండి, తెలుగులో అయిపోతుంది. పరలోక జపం (యేసు నేర్పిన ప్రార్థన) మాత్రం ఎవరి భాషలో వాళ్లు గట్టిగా చెప్పుకోవచ్చు, అందరూ అలాగే చెప్తారు.

కొరియా కతోలిక సంఘం గురించి ఒక సాయంత్రం పిల్లలతో మాట్లాడండి. అక్కడ విశ్వాసం మిషనరీలు రాకముందే, పుస్తకాలు చదువుకున్న గృహస్థులతో (గురువులు కాని మామూలు విశ్వాసులతో) మొదలైంది. 1784లో యీ సుంగ్-హున్ బీజింగ్‌లో జ్ఞానస్నానం పొంది తిరిగొచ్చాడు. తొలి కొరియా గురువు ఆండ్రూ కిమ్ 1846లో వేదసాక్షి అయ్యాడు, అంటే విశ్వాసం కోసం ప్రాణమిచ్చాడు. ఫాదర్ నెలకోసారి వస్తే మిగతా ఆదివారాలు ఉపదేశి (ప్రార్థన నడిపించే ఊరి విశ్వాసి) మీదే గుడి నడిచే ఊర్లలో పెరిగిన పిల్లలకు ఇది చప్పున అర్థమవుతుంది.

అక్కడ అందరూ జెండాలు, బ్యాడ్జీలు, జపమాలలు ఇచ్చిపుచ్చుకుంటారు. మనవాళ్లు ఉత్త చేతులతో పోయి మొహమాటపడతారు. పోచంపల్లి ఇక్కత్ రుమాళ్లు మనిషికి పది చొప్పున పెట్టుకుంటే బరువు ఉండదు, నలగవు. రెండు మాత్రం చివరిదాకా దాచమనండి. లేకపోతే శనివారం రాత్రి పక్కన పడుకున్నవాళ్లకు ఇవ్వడానికి ఆదివారానికి ఏమీ మిగలదు.